‘మానుట’కు రెండర్థాలు: మద్యవ్యసనం నుండి కోలుకునేవారికి అందే తోడ్పాటు - తెలుగు మాటల చరిత్ర

వ్యాససంగ్రహం

మద్యం మానిన మనిషి ఆ మానడంలో నిలబడడానికి, జారినపుడు మళ్ళీ లేవడానికి చుట్టూ ఉన్నవారి మాట ఎంత తోడ్పడుతుంది, ఎంత అడ్డుపడుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగాన్నీ, కోలుకోవడాన్నీ చెప్పడానికి తెలుగులో సమృద్ధమైన పదజాలం ఉంది. అయితే తాగుడు ఆ పదజాలంలోకి రాలేదు. పాపం, ఆదాయం, నిషేధం, దాస్యం అనే పరిభాషల మధ్యనే అది శతాబ్దాలుగా తిరిగింది. ఈ పరిభాషలలో మానిన తరువాతి రోజులకు చోటు లేకపోవడానికి గల చారిత్రక కారణాలను, ఆ లోటు వల్ల కలిగే ఫలితాలను వివరించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: వ్యసనం, తాగుబోతు, మాను, తిరగబెట్టు, ఆబ్కారీ, సారా వ్యతిరేకోద్యమం, విముక్తి, దీక్ష.

1. ఉపోద్ఘాతం

టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషికి పది రోజుల తరువాత మళ్ళీ ఒళ్ళు కాగితే ఇంట్లోవాళ్ళు ‘జ్వరం తిరగబెట్టింది’ అంటారు. ఆ వాక్యంలో కర్త జ్వరం. పథ్యం తప్పాడని రోగిని కసురుకుంటే కసురుకుంటారు గాని, ఆ కసురు ఆగకముందే మంచం వాల్చి, జావ కాచి పెడతారు. ఆరు నెలలు మద్యం ముట్టని మనిషి ఒక సాయంత్రం తాగి ఇంటికి వస్తే అదే ఇంట్లో వినిపించే వాక్యం ‘మళ్ళీ మొదలుపెట్టాడు’. ఇక్కడ కర్త మనిషి. గడచిన ఆరు నెలలకు ఈ వాక్యంలో చోటు లేదు. ‘మళ్ళీ’ అనే అవ్యయం ఆ కాలాన్నంతా తుడిచివేసి, వెనుకటి తాగుడుకూ నేటి తాగుడుకూ నేరుగా ముడివేస్తుంది.

ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అంతరమే ఈ వ్యాసానికి ప్రేరణ. మద్యంపై ఆధారపడే స్థితి తగ్గుతూ, తిరగబెడుతూ, మళ్ళీ తగ్గుతూ సాగే దీర్ఘకాలిక రుగ్మత అని వైద్యశాస్త్రం అంగీకరించి చాలాకాలమైంది. ఆ లక్షణాలన్నీ మనవాళ్ళు జ్వరానికి, ఉబ్బసానికి, పుండుకు వాడే మాటలలో చక్కగా ఒదుగుతాయి. అయినా ఆ మాటలు తాగుడు దగ్గరకు రావు. ఎందుకు రావు అనేది భాషాశాస్త్ర ప్రశ్న కంటే చరిత్ర ప్రశ్న అని నా అభిప్రాయం.

విషయం ఎంత పెద్దదో ఒక్క లెక్క చాలు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుండి 75 ఏళ్ళ వయసువారిలో 2.7 శాతం మంది, అంటే సుమారు 2.9 కోట్ల మంది, మద్యంపై ఆధారపడే స్థితిలో ఉన్నారు. వారిలో ఏదో ఒక చికిత్స పొందామని చెప్పినవారు 38 మందిలో ఒక్కరే. మిగిలిన 37 మందికి అందే తోడ్పాటు ఏదైనా ఉంటే అది ఇంట్లోనో, వీధిలోనో, పనిచోటనో అందవలసిందే. అక్కడ మందుబిళ్ళ లేదు, వైద్యుడు లేడు. ఉన్నది మాట ఒక్కటే.

2. వ్యసనం: రాజు ఆపద నుండి సామాన్యుని స్వభావం దాకా

నేడు మనం విరివిగా వాడే ‘వ్యసనం’ సంస్కృతంలో మొదట ఆపదను, చెడిపోవడాన్ని, ఉన్నచోటి నుండి విసిరివేయబడడాన్ని సూచించే మాట. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఎనిమిదవ అధికరణం పూర్తిగా వ్యసనాల గురించే. అక్కడ రాజుకు, మంత్రికి, కోశానికి, సైన్యానికి కలిగే కష్టాలన్నీ వ్యసనాలే. కోశానికి వ్యసనం కలిగిందంటే ఖజానా తాగుడు మరిగిందని కాదు గదా! మనుస్మృతి ఏడవ అధ్యాయంలో కామం వల్ల పుట్టేవి పది, క్రోధం వల్ల పుట్టేవి ఎనిమిది అని రాజు విడువవలసిన వ్యసనాలను లెక్కించింది. భారతం ఉద్యోగపర్వంలోని విదురనీతి ద్వారా తెలుగువారికి బాగా పరిచితమైన సప్తవ్యసనాల జాబితా కూడా రాజుకు చెప్పినదే.

ఆ జాబితాను మనం సగమే గుర్తుంచుకున్నాం. స్త్రీలోలత, జూదం, వేట, పానం, వాక్పారుష్యం, దండపారుష్యం, అర్థదూషణం అని ఏడు. పానం పక్కనే వాక్పారుష్యం ఉంది. తాగేవాడు ఎంత వ్యసనపరుడో, పరుషంగా మాట్లాడేవాడూ అంతే వ్యసనపరుడని పూర్వులు లెక్కకట్టారు. కాలక్రమంలో మొదటిది వ్యసనంగా మిగిలింది. రెండవది దానికి చికిత్సగా మారిపోయింది. తాగుబోతును నలుగురిలో తిట్టడం అతని మేలు కోసమే అనే నమ్మకం మన సమాజంలో ఎంత సహజమైపోయిందో వేరే చెప్పనక్కరలేదు.

రాజనీతిలో వ్యసనమైన పానం ధర్మశాస్త్రంలో పాతకం. పంచమహాపాతకాలలో సురాపానం ఒకటి. నన్నయ ఆదిపర్వంలో కచుని వృత్తాంతం తెలిసినవారికి శుక్రాచార్యుడు మద్యపానాన్ని బ్రాహ్మణులకు నిషేధిస్తూ మర్యాద ఏర్పరచిన సందర్భం గుర్తుండే ఉంటుంది. పాతకానికి విరుగుడు ప్రాయశ్చిత్తం. ప్రాయశ్చిత్తం ఒకసారి చేస్తే ముగుస్తుంది, లేదా మనిషి పతితుడై వెలి అవుతాడు. దానిలో మధ్యస్థితి లేదు. అయితే ఈ పరిభాష అన్ని వర్గాలదీ కాదన్నది మరువరాదు. తాటి, ఈత కల్లు ఆహారంలోనూ కొలుపులలోనూ భాగమైన శ్రామికకులాలలో పానం పాతకం కాదు. అక్కడ తప్పు తాగడంలో లేదు, మితం తప్పడంలో ఉంది. దురదృష్టవశాత్తు మితం తప్పినవానిని గురించి ఆ వర్గాల వాడుకలో ఏ మాటలుండేవో మన నిఘంటుకారులు శ్రద్ధగా సేకరించలేదు.

3. ఆబ్కారీ, నిషేధం

ఆంగ్లపాలన ఈ విషయానికి పూర్తిగా వేరే పేరు పెట్టింది. ‘ఆబ్’ అంటే నీరు, ‘కారీ’ అంటే పని. ఈ పారశీక పదబంధం సారా కాచే పనికీ, దానిపై పన్నుకూ పేరై, 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టంతో చట్టభాషగా స్థిరపడింది. నిజాం రాజ్యంలోనూ ఆ మాటే వాడుక. ఈ పరిభాషలో దుకాణం ఉంది, వేలం ఉంది, లైసెన్సు ఉంది, తాగే మనిషి లేడు. పాపభాషలో కనీసం అతను పతితుడు. ఆదాయభాషలో అతను లెక్కలో ఒక అంకె.

ఆదాయభాషకు బదులుగా జాతీయోద్యమం తెచ్చినది నిషేధభాష. 1921 సహాయనిరాకరణ రోజుల నుండి కల్లుదుకాణాల ముందు పికెటింగు సాగింది. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికలలో సంపూర్ణ మద్యనిషేధం ఉంది. 1937లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు మద్యనిషేధ చట్టం తెచ్చి సేలం జిల్లాలో మొదలుపెట్టింది. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ఆ విధంగా నిషేధాన్ని మొదట చవిచూసిన తెలుగు జిల్లాలు ఆ రెండు. తరువాత ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా మద్యనిషేధం మీదనే. ఆనాటి వాదవివాదాలలో ప్రధానంగా వినిపించినవి మూడు: ఖజానాకు నష్టం, గీతపనివారి ఉపాధి, నిషేధచట్టం కింద జైళ్ళపాలైన పేదలు. మూడూ న్యాయమైన చర్చలే. నిషేధం వల్లగాని, నిషేధం తొలగడం వల్లగాని తాగుడుకు అలవాటుపడిన మనిషి ఏమవుతాడన్నది మాత్రం చర్చనీయాంశం కాలేదు.

ఇప్పటికీ ఉభయ రాష్ట్రాలలోనూ ఆ శాఖ పేరు ‘మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ’. రెండు విరుద్ధ పరిభాషలు ఒకే నామఫలకం మీద కూర్చున్నాయి. మూడవదానికి ఆ ఫలకం మీద చోటు లేదు.

4. నెల్లూరు: ఉద్యమభాష ఇచ్చినదీ, ఇవ్వలేనిదీ

1980వ దశకంలో ప్రభుత్వమే సారాను పాకెట్లలో నింపి పల్లెపల్లెకు చేర్చిన పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు. అమ్మకానికి అమృతమథన కాలం నాటి సంస్కృతనామం, కొని తాగినవానికి అచ్చతెలుగు తిట్టు. ఈ వైరుధ్యంపై మన సాహిత్యవిమర్శకులు ఇంకా తగినంత దృష్టి పెట్టలేదు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడులలో మహిళలు చదివిన వాచకపాఠాలలో ‘సీతమ్మ కథ’ ఒకటి. భర్త తాగుడుకు బలైన ఇల్లాలి కథ అది. ఆ చదువు చర్చగా, చర్చ ఆచరణగా మారి, దూబగుంట మహిళలు తమ ఊరి సారాదుకాణాన్ని మూయించారు. ఆ విజయమే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే తరువాతి పాఠమై జిల్లా అంతటా వ్యాపించింది. రోశమ్మ వంటి సామాన్య గ్రామీణ మహిళలు నాయకులైన ఆ ఉద్యమం 1992లో సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అదే ఏడాది అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారానిషేధం సాధించింది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలింది. ఈ క్రమం అందరికీ తెలిసినదే. ఇక్కడ మనకు కావలసినది ఆ ఉద్యమపు భాష.

ఆ భాష గొప్ప పని ఒకటి చేసింది. ‘నా తలరాత’ అని చెప్పుకుంటూ వచ్చిన దుఃఖాన్ని ‘వాళ్ళు అమ్ముతున్నారు’ అనే వాక్యంగా మార్చింది. వాక్యంలో కర్త మారాడు. భర్త స్వభావం స్థానంలో కాంట్రాక్టరు, వేలంపాట, ప్రభుత్వం వచ్చి నిలబడ్డాయి. వ్యక్తిగత లోపాన్ని సామాజిక కారణంగా గుర్తించిన ఈ మలుపు, పాశ్చాత్యదేశాలలో పండితులు వాదించి సాధించుకున్నదాన్ని రాత్రిబడి పలకల మీద సాధించింది.

అయినా ఆ భాష తాగేవానిని ఎక్కడ ఉంచాలో తేల్చుకోలేదు. కొన్ని ఊళ్ళలో తాగినవారికి గుండు గీయించి, గాడిదపై ఊరేగించిన సంఘటనలు నమోదయ్యాయి. శత్రువు సారా అయినపుడు తాగినవాడు బాధితుడు కావాలి, గాడిదనెక్కినపుడు అతను దోషి. ఈ రెండింటి మధ్య ఊగిసలాట ఉద్యమం పొడవునా కనిపిస్తుంది. దుకాణం మూతపడిన మరునాడు చేతులు వణుకుతూ, నిద్రపట్టక కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలో ఏ పాఠమూ చెప్పలేదు. ఇది ఉద్యమకారిణులపై అభియోగం కాదు. దెబ్బలు తిని, కూలిడబ్బులు పోగొట్టుకున్న ఇల్లాలిని మాట సున్నితంగా వాడమని అడిగే హక్కు ఏ పరిశోధకునికీ లేదు. ఆమె నోట ‘తాగుబోతు’ సాక్ష్యం. ఆసుపత్రి చీటీలోనో, పత్రిక శీర్షికలోనో, సర్కారు కాగితంలోనో అదే మాట తీర్పు. మనం ప్రశ్నించవలసినది రెండవదాన్ని.

ఆ ప్రశ్న అవసరం 2020లో అనుభవానికి వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌తో మార్చి చివరినుండి మద్యందుకాణాలు ఒక్కసారిగా మూతపడగా, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మద్యం అందక వచ్చే శారీరక, మానసిక లక్షణాలతో జనం తరలివచ్చారు. మూర్ఛలు, మతిభ్రమ వంటి ఆ లక్షణాలు ప్రాణాంతకం కాగలవు. మన పత్రికలూ టీవీలూ వారికి పెట్టిన పేరు ‘మందుబాబులు’. నవ్వు పుట్టించడానికి పుట్టిన ఆ మాట, ప్రాణాపాయంలో ఉన్నవారికీ అదే నవ్వుతో అంటుకుంది.

5. బానిస, విముక్తి

ప్రస్తుతం పత్రికాభాషలోనూ ప్రభుత్వభాషలోనూ స్థిరపడిన జంటపదాలు ఇవి. ‘మద్యానికి బానిస’ రోగస్థితి, ‘విముక్తి’ లేదా ‘విమోచనం’ చికిత్స. వ్యసనవిముక్తి కేంద్రాలు, మద్యవిమోచన ప్రచారం, 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో కేంద్రం ప్రారంభించిన ‘నశాముక్త భారత్ అభియాన్’ అన్నీ ఈ రూపకం నీడలోనివే. ఆంగ్లంలోని ‘అడిక్ట్’ అనే మాట మూలం కూడా ఇదే కావడం విశేషం. రోమన్ న్యాయంలో అప్పు తీర్చలేక ఋణదాతకు అప్పగించబడిన మనిషిని లాటిన్‌లో ‘అడిక్టస్’ అనేవారు. రెండు దూరపు భాషలు ఒకే ఉపమానానికి చేరాయి.

‘బానిస’ అనడంలో కొంత కరుణ ఉంది. తప్పంతా మనిషిది కాదు, అతనిని పట్టుకున్నది మరొకటి ఉందని ఒప్పుకోవడం అందులో ఉంది. చిక్కు ‘విముక్తి’తో వస్తుంది. విముక్తి ఒక సంఘటన. సంకెల తెగిందంటే తెగిందే. ముక్తుడైనవానికి ఇంకా తోడు ఎందుకు? ముక్తుడు మళ్ళీ సంకెల తొడుక్కుంటే అది అతని ఇష్టం కాక మరేమిటి? కేంద్రంలో కొన్ని వారాలుండి ఇంటికి వచ్చినవానిని ‘బాగైపోయి వచ్చాడు’ అని ఊరు స్వాగతిస్తుంది. అసలు కష్టం ఆ రోజునుండే మొదలవుతుందని చెప్పే వీలు ఆ రూపకంలో లేదు. ముక్తి పొందినవాడు జారితే అతనికి ముందున్న సానుభూతి కూడా పోతుంది.

6. పడిన పేరు, మానిన పని

‘తాగుబోతు’ శబ్దనిర్మాణాన్ని గమనించాలి. తిండిపోతు, నిద్రపోతు, తిరుగుబోతు, వాగుబోతు, వదరుబోతు - ఈ వరుసలోని మాటలన్నీ చేసే పనిని స్వభావంగా మారుస్తాయి. దున్నపోతు, మేకపోతులలోని ‘పోతు’ ఇక్కడా వినిపిస్తుంది. ఈ వరుసలో మంచిమాట దొరకడం కష్టం. పైగా వీటికి భూతకాలం లేదు. తాగడానికి ‘తాగాడు, తాగుతాడు’ అని కాలభేదం ఉంది. తాగుబోతుకు లేదు. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు’ అనే సామెత చెప్పేదాన్నే ఈ ప్రత్యయం ఒక్క మాటలో చెబుతుంది.

పేరు నుండి తప్పించుకుని క్రియలోకి వెళ్ళినా తెలుగు ఒక ముడి వేసే ఉంచింది. ‘ఆయన తాగేవాడు’ అంటే ఒకప్పుడు తాగే అలవాటుండేదని అర్థం. ‘తాగేవాడు’ అంటే తాగే మనిషి అని కూడా అర్థం. గతపు అలవాటూ నేటి గుర్తింపూ ఒకే రూపంలో ఉన్నాయి. మా బంధువర్గంలో ఒకాయన మద్యం మాని పదేళ్ళు దాటింది. ఇప్పటికీ పెళ్ళిపందిట్లో ఆయనను కొత్తవారికి గుర్తుచేయవలసి వస్తే ‘అదే, బాగా తాగేవాడు...’ అనే మొదలుపెడతారు. చెప్పేవారి ఉద్దేశం భూతకాలమే. ఆయన చెవికి ఏ కాలం వినిపిస్తుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

‘మందు’ సంగతి మరీ విచిత్రం. ఔషధమూ అదే, మద్యమూ అదే, పొలంలో చల్లే పురుగుల విషమూ అదే. గోడల మీద కనిపించే ‘మందు మాన్పించే మందు’ ప్రకటనలలో ఈ శ్లేష ఎవరూ ఉద్దేశించనిదే. ఆ ప్రకటనలలో పరిశీలించవలసిన అసలు మాట ‘మాన్పించు’. తాగేవారికి తెలియకుండా కూరలోనో, మజ్జిగలోనో కలిపి ఇవ్వవచ్చునని కొందరు హామీ ఇస్తారు. వైద్యం పేరిట జరిగే ఈ మోసంలో మనిషి ప్రమేయమే లేదు. రాజ్యం చేసిన నిషేధమూ ఒక రకమైన మాన్పించడమే. దానికి ఎదురుకొనలో ఉన్నది ‘మానుకొను’. బిడ్డ తలమీద చేయివేసి వేసే ఒట్టు, గుడిలో చేసే ప్రమాణం ఈ కోవలోనివి. అక్కడ భారమంతా ఒంటరి మనిషిదే. ఒట్టు జీవితకాలానికి వేస్తారు, తొలి జారుపాటుతో అది తెగుతుంది. తెగిన ఒట్టు తాగుడు కంటే పెద్ద అపరాధమై కూర్చుంటుంది.

ఈ రెండు కొనల నడుమ ఉన్నది ‘మాను’ అనే మూలధాతువు. నిఘంటువులు దీనికి రెండర్థాలిస్తాయి. ఒకటి విడిచిపెట్టడం, రెండవది పుండు ఆరడం. ‘పని మానాడు’, ‘గాయం మానింది’. మొదటిది ఒక నిర్ణయం, రెండవది ఒక క్రమం. గాయం ఒక్కరోజులో మానదు. అది మానుతుంది, మానుతూ ఉంటుంది, తగిలితే మళ్ళీ రేగుతుంది. రేగిన పుండును చూసి ఎవరూ ఇంతకాలం కట్టిన కట్లన్నీ వృథా అనరు. మద్యం విషయంలో మనం మొదటి అర్థాన్నే వాడుతూ వచ్చాం. ‘మానాడా, లేదా?’ అని అడుగుతాం. ఆ ప్రశ్నకు అవును, కాదు అని రెండే జవాబులు. ‘మానుతోందా?’ అని పుండును అడిగినట్టు అడిగితే జవాబులు చాలా ఉంటాయి. మన పూర్వులు ఈ రెండింటికీ ఒకే ధాతువును వాడడంలో ఏదో దార్శనికత ఉందని నేననడం లేదు. అర్థవిస్తరణలో అటువంటివి సహజం. చేతిలో ఉన్న పనిముట్టును మాత్రం వాడుకోవచ్చు.

7. పరభాషల అనుభవం

ఆంగ్లంలో ఈ చర్చకు సుదీర్ఘ చరిత్ర ఉంది. స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ 1849లో ‘ఆల్కహాలిజం’ అనే రోగనామం కల్పించాడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణుల సంఘం 1964లో ‘అడిక్షన్’ బదులు ‘డిపెండెన్స్’ వాడాలని సూచించింది. అమెరికన్ మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథం 2013 నాటి ఐదవ కూర్పులో ‘అబ్యూజ్’ అనే మాటను వదిలివేసింది. ఈ మార్పులు మర్యాద కోసమే కాదు. 2010లో కెల్లీ, వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు 516 మంది మానసిక ఆరోగ్యనిపుణులకు ఒకే రోగి వృత్తాంతాన్ని రెండు రకాలుగా ఇచ్చారు. కొందరికి ‘సబ్‌స్టాన్స్ అబ్యూజర్’ అని, మిగిలినవారికి ‘సబ్‌స్టాన్స్ యూజ్ డిజార్డర్ ఉన్న వ్యక్తి’ అని రాసి పంచారు. మొదటి మాట చదివినవారు రోగిదే తప్పని, శిక్ష తగినదని భావించే వైపు మొగ్గారు. చదువుకున్న నిపుణుల మాటే ఇలా ఉంటే అరుగు మీది తీర్పుల సంగతి ఊహించవచ్చు.

అలాగని ఆ పదాలను అనువదించుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. ‘మద్య వినియోగ రుగ్మత గల వ్యక్తి’ అని ఏ అత్తగారూ అల్లుణ్ణి గురించి అనదు, అంటే అది ఎగతాళి అవుతుంది. పరిభాష ఆసుపత్రి కాగితానికి అవసరం. వంటింటికి క్రియాపదాలు చాలు.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనుభవం దీనికి భిన్నమైనది. అక్కడ మనిషి తన పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని తానే ప్రకటించుకుంటాడు. నామవాచకాన్ని తొలగించడానికి బదులు దాన్ని తన నోటిలోకి తీసుకుంటాడు. ఇతరులు అంటే తిట్టు, తాను అంటే నిజాయితీ. తెలుగు సభ్యుల సమావేశాలలోనూ వినిపించేది ఆ ఆంగ్లపదమే. ‘తాగుబోతు’కు ఆ పని చేసే శక్తి లేదని సభ్యులకు తెలుసు. మరొక సంగతి, 1939లో వెలువడిన ఆ సంస్థ మూలగ్రంథం ఉపశీర్షిక కోలుకున్నవారి కథ అని పూర్తయిన క్రియగా చెప్పింది. కాలక్రమంలో సభ్యుల వాడుక ‘కోలుకుంటున్న’ అనే అసమాపక స్థితివైపు జరిగింది. ఏళ్ళతరబడి తాగనివారు కూడా కోలుకుంటున్నామనే అంటారు. జీవితకాలపు ఒట్టుకు బదులు ఈ ఒక్కరోజు తాగను అనే మాట పెట్టుకుంటారు. జారినవాడు మరునాడు వచ్చి మొదటిరోజు అని చెప్పుకోవచ్చు. తెగడానికి అక్కడ ఒట్టు లేదు. భారతదేశంలో ఈ సమూహాలు 1950వ దశకం నుండి ఉన్నా తెలుగు పల్లెలకు చేరినది స్వల్పం.

8. నలభైయొక్క రోజుల సంబోధన

తెలుగు పల్లెకు చేరినది మరొకటుంది. కార్తికమాసం వచ్చేసరికి అయ్యప్పమాల వేసుకునేవారిలో మద్యానికి అలవాటుపడినవారు ఎందరో ఉంటారు. ‘మాల వేస్తేనైనా మానతాడు’ అని ఇంట్లోవారే ప్రోత్సహించడం మనం ఎరిగినదే. ఈ దీక్షను భక్తికోణం నుండి ఎందరో వివరించారు. నేను చూసేది సంబోధన ఒక్కటే.

మాల మెడలో పడిన క్షణం నుండి ఆ మనిషి ‘స్వామి’. భార్య, తల్లి, బాకీ ఇచ్చిన షావుకారు, నిన్నటిదాకా ‘ఏరా’ అన్న యజమాని, అందరికీ స్వామే. స్వామి భోంచేశారా, స్వామి పడుకున్నారా అని గౌరవవాచకంలోకి ఇల్లంతా మారుతుంది. తోటిస్వాములు అతనిని స్వామి అంటారు, అతనూ వారిని స్వామి అంటాడు. ఎక్కువసార్లు యాత్ర చేసిన గురుస్వామి దారి చూపుతాడు. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం పూజ, భజన ఉండడంతో దుకాణానికి వెళ్ళే వేళకు చేయవలసిన పని ఒకటి సిద్ధంగా ఉంటుంది. మాటతో, సమూహంతో, దినచర్యతో అందే ఇంత సమగ్రమైన తోడ్పాటును మన సమాజం తాగుడు మానేవానికి మరే సందర్భంలోనూ ఇవ్వలేదు. తాగుబోతు అన్న పేరును ఎవరూ ఖండించలేదు, చర్చించలేదు. మరొక పేరు వచ్చి దాని చోట కూర్చుంది.

దీనికి పరిమితులున్నాయి. ఇది ఒక మతపు ఆచారం, ఎక్కువగా పురుషులది. ఏళ్ళతరబడి రోజూ విపరీతంగా తాగినవాడు వైద్యసలహా లేకుండా మాలతోపాటే ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. మాల తీసిన సాయంత్రానికి సంబోధన తిరిగి మారుతుంది. ‘స్వామి’ పోయి పాత పేరు వస్తుంది, దానితో పాటు ‘మాల తీశాడుగా, ఇక చూడు’ అనే నవ్వూ వస్తుంది. ఆ రాత్రి అతను తాగితే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు. తాగకపోతే గుర్తించడానికి మాట ఉండదు.

నలభైయొక్క రోజులు కుటుంబమంతా కలిసి మాట మార్చుకోగలిగిందంటే మార్చుకోవడం తెలియనిది కాదన్నమాట. నలభైరెండవ రోజున అతనిని ఏమని పిలుస్తున్నారు, జారినపుడు ఏ క్రియ వాడుతున్నారు, భార్య ఒక విధంగానూ ఊరు మరొక విధంగానూ మాట్లాడుతున్నారా, అదే అలవాటున్న స్త్రీ విషయంలో ఏ మాటలున్నాయి అన్నవి క్షేత్రపరిశోధనతో తేలవలసినవి. వృత్తిపదకోశాలు, మాండలికకోశాలు తయారుచేసిన మన తెలుగుశాఖలకు ఈ పని కొత్త కాదు. దీక్షాకాలం ముగిసే జనవరి నెలలో, విశ్వవిద్యాలయానికి దగ్గరలోని ఏ ఊళ్ళోనైనా మొదలుపెట్టవచ్చు.